విండోస్ మార్చాక ఫైళ్ళ వరస ఎందుకు మారింది, సర్వే నంబర్ల ఫైళ్ళని ఎలగ సర్దుకోవాలి

తమ్ముడూ, ముందు గాభరా పడకు. వరస మారింది అంటే ఫైళ్ళు పాడైనట్టు కాదు, ఈ రెండింటికీ సంబంధం లేదు. నీ సమస్య చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం అవ్వాలి కాబట్టి ఒకసారి చెప్పేసి మొదలెడతాను. శ్రీకాకుళంలో ఒక లాయరు గారి ఆఫీసులో నువ్వు కంప్యూటర్ చూస్తావు, విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్ తీసేసి విండోస్ 11 ఉన్న కొత్తది పెట్టించారు, పాత హార్డ్ డిస్క్‌లోంచి స్కాన్ చేసిన దస్తావేజులు, ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) కాపీలు, అడంగళ్ళు అన్నీ కొత్తదానిలోకి కాపీ చేసావు. ఫైళ్ళకి సర్వే నంబరే పేరు. ఇదివరకు 45-1, 45-10, 45-11, 45-2 ఇలగ వచ్చేవి, ఆ వరస ప్రకారమే ఎక్సెల్‌లో సీరియల్ నంబర్లు వేసి ఇండెక్స్ కట్టుకున్నావు, ఇప్పుడు 45-1, 45-2, 45-3 అని వస్తున్నాయి కాబట్టి ఇండెక్స్‌లో 37 అని ఉన్నది ఫోల్డర్‌లో 37వది కాకుండా పోయింది. తేదీ ప్రకారం పెడదామంటే అన్నిటికీ కాపీ చేసిన రోజు తేదీయే ఉంది. పాత వరస మళ్ళీ వస్తుందా అని అడిగావు.

వస్తుంది, కానీ తెచ్చుకోవద్దని చెప్తాను, ఎందుకో కింద రాస్తాను.

నేను విజయనగరంలో ఇరవై ఏళ్ళు దాటి ఈ సిస్టమ్‌ల పనే చేస్తున్నాను, విండోస్ 98 నుంచి ఎక్స్‌పీకి, ఎక్స్‌పీ నుంచి 7కి, 7 నుంచి 10కి, ఇప్పుడు 11కి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే మాటతో వస్తారు. ఈమధ్య మరీ ఎక్కువయ్యారు ఎందుకంటే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, అందరూ ఒకేసారి మార్చుకుంటున్నారు.

అసలు సంగతి ఏటంటే, ఫైళ్ళకి సొంతంగా వరస అనేది ఉండదు. బీరువాలో కాగితాలు మనం ఎలగ పెడితే అలగే ఉంటాయి కానీ కంప్యూటర్‌లో అలగ కాదు, నువ్వు ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ ఆ విండో చూపించే ప్రోగ్రామే అప్పటికప్పుడు పేర్లన్నీ చదివి తనకి తెలిసిన పద్ధతిలో పేర్చి చూపిస్తుంది. ప్రోగ్రాం మారితే పద్ధతి మారుతుంది, అదే ప్రోగ్రాంలో సెట్టింగ్ మారినా మారుతుంది. ఒకే ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో ఒకలా, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంకోలా, టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే మూడో రకంగా చూపించడం రోజూ జరిగేదే.

ఇప్పుడు నీ 45-10 సంగతి. విండోస్ 2000 వరకూ ఎక్స్‌ప్లోరర్ పేరుని అక్షరం అక్షరంగా పోల్చేది. 45-10నీ 45-2నీ పక్కపక్కన పెడితే మొదటి మూడు గుర్తులూ ఒకటే, నాలుగోది చూస్తే ఒకదానిలో 1, ఇంకోదానిలో 2, ఒకటి చిన్నది కాబట్టి 45-10 ముందు. పది అనే అంకె అక్కడ ఉందని దానికి తెలీదు, ఒకటి పక్కన సున్నా ఉందని మాత్రమే తెలుసు. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు దీన్ని మార్చారు, పేరులో అంకెలు వరసగా కనిపిస్తే అవన్నీ కలిపి ఒక సంఖ్యగా చదివి పోల్చడం మొదలెట్టింది, అందుకని 2 తర్వాత 3, 9 తర్వాత 10 మనం లెక్కపెట్టుకునే పద్ధతిలోనే వస్తాయి. అప్పటినుంచి 7లో, 10లో, 11లో అన్నిట్లో అదే.

మరి నీ విండోస్ 7లో పాత పద్ధతి ఎందుకుంది అంటావు కదా. మామూలుగా వేసిన విండోస్ 7 అయితే 45-1 తర్వాత 45-10 చూపించదు. అంటే ఎవరో, బహుశా ఆ సిస్టమ్ మొదట పెట్టినవాళ్ళు, ఆ సంఖ్యల పద్ధతిని ఆపేసి ఉంచారు. దానికి గ్రూప్ పాలసీలో ఒక సెట్టింగ్ ఉంది, టర్న్ ఆఫ్ న్యూమరికల్ సార్టింగ్ అని, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలోంచి కూడా చెయ్యొచ్చు. పాత 2000 సిస్టమ్ నుంచి మారినప్పుడు ఇండెక్స్ తప్పిపోతోందని అప్పుడు ఎవరో ఆపేసి ఉంటారు, నువ్వు ఆఫీసులో చేరేటప్పటికి అది అలవాటైపోయింది, అందుకే అదే విండోస్ పద్ధతి అనుకున్నావు. ఇప్పుడు కొత్తగా విండోస్ వేసినప్పుడు ఆ సెట్టింగ్ రాలేదు, ఫైళ్ళు వచ్చాయి గాని సెట్టింగ్‌లు పాత డిస్క్‌లోనే ఉండిపోయాయి.

నేను చెప్పింది నిజమో కాదో నువ్వే చూసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరువు, ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళు, డి ఐ ఆర్ అని కొట్టి స్పేస్ ఇచ్చి స్లాష్ బి కొట్టు. విండోస్ 11లో కూడా ఆ కమాండ్ అంకెల్ని సంఖ్యలుగా చదవదు, ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళు దాచే పద్ధతి) డిస్క్‌లో పేర్లు అక్షరక్రమంలో దాచుకున్న వరసనే కక్కేస్తుంది. అక్కడ 45-1, 45-10, 45-11, 45-2 అని వచ్చి నీ ఎక్సెల్ ఇండెక్స్‌తో దాదాపు కలిసిందంటే రోగం తెలిసిపోయినట్టే, ఇంక వేరే వెతకక్కర్లేదు.

దీనికంటే ముందు చెయ్యాల్సింది ఇంకోటి ఉంది, లెక్క. పాత డిస్క్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎన్ని ఫైళ్ళు, ఎన్ని బైట్లు ఉన్నాయో రాసుకో, కొత్తదానిలో కూడా చూడు. రెండూ ఒకటే అయితే కాపీ పూర్తిగా అయినట్టు. తేడా వస్తే వరస సంగతి పక్కన పెట్టి ముందు అది చూడాలి. చాలామంది వరస మారిందని గోల పెడుతూ పదో పరకో ఫైళ్ళు నిజంగానే కాపీ అవ్వలేదన్న సంగతి గమనించరు.

తేదీల విషయం తొందరగా చెప్పేస్తాను. డేట్ క్రియేటెడ్ అంటే ఆ ఫైల్ ఈ డిస్క్ మీద పుట్టిన రోజు, కాపీ చేస్తే కాపీ చేసిన రోజే వస్తుంది, అది తప్పు కాదు. డేట్ మోడిఫైడ్ మాత్రం కాపీ చేసినా మారదు. డీటెయిల్స్ వ్యూ పెట్టుకుని పైన హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి డేట్ మోడిఫైడ్ అన్నది టిక్ చేసుకో, దాని మీద సార్ట్ చేసుకో, నీ పాత స్కానింగ్ తేదీలు అక్కడ ఉంటాయి. ఇంకోటి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో టుడే, లాస్ట్ వీక్ అని ముక్కలు ముక్కలుగా వస్తుంటే అది విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి వచ్చిన మార్పు, గ్రూప్ బై అన్నచోట నన్ పెట్టుకుంటే పోతుంది. ఒక ఫోల్డర్‌కి నచ్చినట్టు పెట్టుకున్నాక ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబ్, అప్లై టు ఫోల్డర్స్ కొడితే ఆ రకం ఫోల్డర్లు అన్నిటికీ అదే వస్తుంది.

ఇప్పుడు పాత వరస ఎందుకు తెచ్చుకోవద్దంటున్నానో చెప్తాను, ఇది నా సొంత అనుభవం. 2003లో అనుకుంటా, ఒక కాలేజీ వాళ్ళకి ఐడీ కార్డులు చేసిచ్చే పని మా దగ్గరికి వచ్చింది, 212 మంది పిల్లలు. ఫోటోలకి 1 నుంచి 212 వరకూ పేర్లు. పేర్ల లిస్టు అంతకుముందు విండోస్ 98 ఉన్న సిస్టమ్‌లో ఫోల్డర్ చూసి టైప్ చేసారు కాబట్టి అది 1, 10, 100, 101 వరసలో ఉంది. మధ్యలో మేం ఎక్స్‌పీకి మారాం. మా కుర్రాడు లిస్టులోంచి పేరు, ఫోల్డర్‌లోంచి ఫోటో, పైనుంచి కిందికి ఒకటొకటి లాగి పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఫోల్డర్ 1, 2, 3 వరసలో ఉందని చూసుకోలేదు. పని అయ్యాక నేను మొదటి కార్డు చూసాను, పేరు ఫోటో కలిసాయి, సరే అన్నాను. మొదటిది రెండు పద్ధతుల్లోనూ ఒకటే కదా, కలవక ఏం చేస్తుంది! చివరి కార్డు చూసుంటే తెలిసిపోయేది, పాత వరసలో చివరిది 99, కొత్త వరసలో చివరిది 212. కార్డులు పంచేరోజున ఒక ఆడపిల్ల మెడలో వేరే అమ్మాయి ఫోటోతో కార్డు, పిల్లలందరూ ఒకరి కార్డు ఒకరు పట్టుకుని వెతుక్కుంటున్నారు. మూడు రాత్రులు కూర్చుని అన్నీ మళ్ళీ చేసాం, లామినేషన్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. పిల్లల ఫోటోలు కాబట్టి డబ్బుతో పోయింది. నువ్వు చూస్తున్నవి భూమి కాగితాలు, సర్వే నంబరు 45-2 అడిగితే 45-10 కాగితం కేసులో పెట్టేస్తే ఆ రైతు కోర్టు చుట్టూ ఇంకో వాయిదా తిరగాలి, పాలకొండ నుంచో ఇచ్ఛాపురం నుంచో బస్సెక్కి వచ్చినవాడికి ఒక వాయిదా అంటే ఒక రోజు కూలి.

అందుకని ఫోల్డర్‌లో ఎన్నోది అన్న లెక్క మీద ఏ ఇండెక్సూ కట్టకూడదు. ఇప్పుడు రిజిస్ట్రీ మార్చి పాత వరస తెచ్చేసావనుకో, ఈ సిస్టమ్‌లో బాగుంటుంది, లాయరు గారి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే వేరుగా ఉంటుంది, జూనియర్ గారు ఇంటికి పట్టుకెళ్ళి చూస్తే వేరుగా ఉంటుంది, మూడేళ్ళకి ఇంకో సిస్టమ్ వస్తే మళ్ళీ ఇదే కథ. వరస ఎక్కడ ఉండాలంటే ఫైల్ పేరులోనే ఉండాలి, ఏ పద్ధతిలో పేర్చినా ఒకేలా వచ్చేటట్టు పేరు పెట్టాలి.

దానికి చెయ్యాల్సింది ముందు సున్నాలు పెట్టడం. మీ దగ్గర ఉన్నవాటిలో పెద్ద సర్వే నంబరు ఎంతో చూడు, మూడంకెలు దాటదనుకున్నా నాలుగు స్థానాలు ఇచ్చుకో, సబ్ డివిజన్‌కి మూడు స్థానాలు ఇచ్చుకో. అప్పుడు 45-1 అన్నది 0045-001 అవుతుంది, 45-2 అన్నది 0045-002, 45-10 అన్నది 0045-010, 112-3 అన్నది 0112-003. అక్షరాలుగా పోల్చినా సంఖ్యలుగా పోల్చినా ఇవి ఒకే వరసలో వస్తాయి, నువ్వే కాగితం మీద రాసి చూసుకో. 45-1ఎ ఉంటే 0045-001ఎ అని రాయి.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. సబ్ డివిజన్ లేని సర్వే నంబరు ఉంటుంది కదా, ఉత్తి 45. దాన్ని 0045 అని వదిలేస్తే పేరు చివర చుక్క, పీడీఎఫ్ అని ఉంటుంది, కంప్యూటర్ పట్టికలో అడ్డగీత కోడ్ చుక్క కోడ్ కంటే ముందుంది, అందుకని అక్షరాలుగా పోల్చే చోట 0045-001 ముందొచ్చి ఉత్తి 0045 అన్నిటికంటే ఆఖరికి పోతుంది. అది 0045-000 అని పెట్టు, గొడవ ఉండదు.

అడ్డగీత గురించి ఇంకో మాట. విండోస్ మామూలుగా పదాలు పోల్చేటప్పుడు అడ్డగీతకి బరువు దాదాపు ఇవ్వదు, లేనట్టే చూస్తుంది. ఎక్సెల్ అయితే మరీ సూటిగా, సార్ట్ చేసేటప్పుడు అడ్డగీతని లెక్కలోకి తీసుకోదు, రెండూ మిగతా అంతా ఒకటే అయితే అడ్డగీత ఉన్నది తర్వాత వస్తుంది. అంటే టెక్స్ట్‌గా ఉన్న 451, 45-1 రెండూ దానికి పక్కపక్క ఇళ్ళు! సర్వే నంబరు 451 వేరే ఊరి చివర ఎక్కడో ఉంటుంది, 45-1 ఇంకెక్కడో. పేరులో అన్నీ ఒకే పొడవు ఉంటే ఈ బాధ తప్పుతుంది, ఎందుకంటే అడ్డగీత తీసేసి చూసినా 0045001 ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది, 0451000 దాని చోట అది ఉంటుంది.

ఎక్సెల్ అన్నాం కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను, సర్వే నంబరు కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్ చేసి ఆ తర్వాతే నంబర్లు కొట్టు. మన సిస్టమ్‌లో రీజియన్ ఇండియా అని ఉంటుంది, నువ్వు 4-5 అని కొట్టినా 4/5 అని కొట్టినా అది మే నాలుగో తేదీ చేసేస్తుంది, ఆ తర్వాత నువ్వు టెక్స్ట్‌కి మార్చితే 45781 లాంటి అంకె మిగులుతుంది, ఆ అంకె చూసి ఇదేదో సర్వే నంబరు అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తిరిగి పాత నంబరు రాదు, కాగితం తీసి చూసి మళ్ళీ కొట్టుకోవాలి. నీ ఇండెక్స్‌లో ఇప్పటికే అలగ ఏవైనా ఉన్నాయేమో ఒకసారి వెతుకు, 31 లోపు నంబర్లు, 12 లోపు సబ్ డివిజన్లు ఉన్నచోట్లే ఎక్కువ దొరుకుతాయి.

ఇంక వేల ఫైళ్ళకి పేర్లు ఎలగ మార్చాలి అంటావు. చేత్తో మార్చకు, తప్పులు వస్తాయి. ముందు ఫోల్డర్ మొత్తం ఇంకో చోట కాపీ చేసుకో, పని కాపీ మీదే చెయ్యి. డి ఐ ఆర్ స్లాష్ బి తో వచ్చిన లిస్టుని ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి పంపించి దాన్ని ఎక్సెల్‌లో టెక్స్ట్ కాలమ్‌లో పేస్ట్ చెయ్యి. పక్క కాలమ్‌లలో అడ్డగీత దగ్గర విడగొట్టి సర్వే నంబరు, సబ్ డివిజన్, చివర ఉన్న చుక్క పీడీఎఫ్ వేరు చేసుకుని, టెక్స్ట్ అనే ఫార్ములాతో ఒకదానికి నాలుగు సున్నాల ఫార్మాట్, రెండోదానికి మూడు సున్నాల ఫార్మాట్ ఇచ్చి మధ్యలో అడ్డగీతతో కలిపి, చివర మళ్ళీ చుక్క పీడీఎఫ్ తగిలిస్తే కొత్త పేరు వస్తుంది. ఎ, బి ఉన్నవి ఈ ఫార్ములాకి లొంగవు, అవి వేరే తీసి విడిగా చూసుకోవాలి, అవి కొన్నే ఉంటాయి. ఆఖరి కాలమ్‌లో ఆర్ ఈ ఎన్ కమాండ్, కొటేషన్లలో పాత పేరు, కొటేషన్లలో కొత్త పేరు వచ్చేటట్టు కూర్చి, ఆ కాలమ్ మొత్తం నోట్‌ప్యాడ్‌లో పెట్టి బ్యాచ్ ఫైల్‌గా సేవ్ చేసి నడిపించు. నాలుగు వేల ఫైళ్ళైనా టీ తాగేలోపు అయిపోతుంది. పాత పేరు కొత్త పేరు రెండూ ఉన్న ఆ ఎక్సెల్ షీట్ మాత్రం పారేయకు, అది నీకు దస్తావేజుకి లింకు డాక్యుమెంట్ లాంటిది, రేపు ఎవరైనా పాత పేరుతో అడిగితే అదే దిక్కు. అయ్యాక మొదటిది, మధ్యలో పదో పదిహేనో, చివరిది, తెరిచి లోపల కాగితం మీద ఉన్న సర్వే నంబరుతో పేరు కలుస్తోందో లేదో చూడు.

ఎక్స్‌ప్లోరర్‌లోనే అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టి ఒక పేరు ఇస్తే బ్రాకెట్లలో 1, 2, 3 అని వేసేస్తుంది కదా అంటారు కొందరు, పెళ్ళి ఫోటోలకి సరిపోతుందేమో గాని నీకు పనికిరాదు, సర్వే నంబరు మొత్తం పోతుంది. పొరపాటున అలగ కొట్టేస్తే వేరే ఏదీ ముట్టుకోకుండా వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టు. బ్యాచ్ ఫైల్ భయంగా ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ అని ఉచితంగా ఉంది, అందులో పవర్‌రీనేమ్ పేరు మార్చకముందే ఎలగ మారుతుందో పక్కన చూపిస్తుంది.

కొత్త ఇండెక్స్‌లో సీరియల్ నంబరు కాలమ్ ఉంచుకో, తప్పు లేదు, కానీ దాని పక్కన పూర్తి ఫైల్ పేరు ఉండాలి, వెతకడం ఎప్పుడూ పేరుతోనే జరగాలి. రిజిస్టర్డ్ దస్తావేజులకి నంబరు, సంవత్సరం ఉంటాయి కదా, వాటికి సంవత్సరం ముందు పెట్టు, 2009-01234 ఇలగ. తేదీలు పేరులో పెట్టేటప్పుడు కూడా అంతే, 15-08-2024 అని పెడితే అన్ని నెలల పదిహేనో తేదీలూ ఒకచోటికి చేరతాయి, 2024-08-15 అని పెడితే కాలం ప్రకారం వస్తాయి. రీసర్వే అయిన ఊళ్ళకి కొత్తగా ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి, అక్కడ పేరులో ఊరు, ఎల్‌పీ నంబరు, పాత సర్వే నంబరు మూడూ ఉండేటట్టు చూసుకో, పాత నంబరుతో అడిగేవాళ్ళు ఇంకా పాతికేళ్ళు ఉంటారు.

ఊళ్ళ ఫోల్డర్లు తెలుగులో పెట్టానన్నావు, చాలా మంచి పని చేసావు, మానకు. అయితే తెలుగు వరసలో ఒక విషయం తెలుసుకుని ఉండు. మనం బళ్ళో చదువుకున్న వరస య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. యూనికోడ్ పట్టికలో మాత్రం ర తర్వాత ఱ, ఆ తర్వాత ల, ళ, ఆ తర్వాత వ ఉంటాయి. కోడ్ నంబర్ల ప్రకారం పేర్చే చోట కళింగపట్నం ముందొస్తుంది, కవిటి తర్వాత వస్తుంది, మనం డిక్షనరీ అలవాటుతో కవిటి ముందు వెతుకుతాం, కనిపించక లేదనుకుంటాం. అలాగే సున్నా (ం) కోడ్ అచ్చులు, హల్లులు అన్నిటికంటే ముందు కాబట్టి సంతబొమ్మాళి వచ్చాకే సరుబుజ్జిలి వస్తుంది. ఇంగ్లీషులో పేరున్న ఫోల్డర్లు కలిపితే అవి పైకి, తెలుగువి కిందికి పోతాయి, అందుకని ఏదో ఒక భాషే పెట్టుకో. ఇంకోటి, కొన్ని కీబోర్డులతో టైప్ చేసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పడుతుంది, చూడ్డానికి రెండు పేర్లూ అచ్చం ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరు, అప్పుడే ఒకే ఊరి పేరుతో రెండు ఫోల్డర్లు తయారవుతాయి. అలగ కనిపిస్తే ఒకదాని పేరు కాపీ చేసి రెండోదానికి పేస్ట్ చేసి చూడు, ఆ పేరుతో ఇప్పటికే ఫోల్డర్ ఉంది, కలిపెయ్యమంటావా అని అడుగుతుంది.

జిరాక్స్ షాపులో ప్రింట్లు వేరే వరసలో వస్తున్నాయన్నావు కదా. ఎక్కువ ఫైళ్ళు ఒకేసారి సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి ప్రింట్ ఇచ్చేటప్పుడు ఏ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసావో అది ముందు పోతుంది, అందుకని ఎప్పుడూ మొదటి ఫైల్ మీదే క్లిక్ చెయ్యమను. పదిహేను ఫైళ్ళు దాటితే ఆ మెనూలో ప్రింట్ అన్నదే కనిపించదు, అది కూడా చాలామందికి తెలీక సిస్టమ్ పాడైందనుకుంటారు. కోర్టులో దాఖలు చేసే కాగితాలైతే ఇవన్నీ లేకుండా ముందే ఒకే పీడీఎఫ్‌గా కలిపి, పేజీలు తిప్పి చూసుకుని పట్టుకెళ్ళు, అదే క్షేమం.

పెన్‌డ్రైవ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్యాట్ పద్ధతి పేర్లని అక్షరక్రమంలో దాచదు, ఏది ముందు రాస్తే అది ముందు. కంప్యూటర్‌లో చూస్తే ఎక్స్‌ప్లోరర్ సర్ది చూపిస్తుంది కాబట్టి తేడా తెలీదు, టీవీలకీ కారు సెట్లకీ మైక్ సెట్లకీ ఆ తెలివి చాలావాటికి ఉండదు, ఉన్నది ఉన్నట్టు చదువుతాయి. సిరిమాను పండక్కి ముందు ఒకసారి మైక్ సెట్ కుర్రాడు వచ్చి, అన్నా నేను సుప్రభాతం ముందు పెట్టుకున్నాను, ఇది మధ్యలోంచి మొదలెడుతోంది అన్నాడు. పేర్ల ముందు 01, 02 పెట్టించి, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఒక్కొక్కటే ఆ వరసలో కాపీ చేయించాను, సరిపోయింది.

మ్యాక్ వాడేవాళ్ళకి కూడా ఇలాంటిదే 2017లో హై సియెర్రాతో జరిగింది, డిస్క్ పద్ధతి ఏపీఎఫ్ఎస్‌కి మారింది. పాత పద్ధతిలో ఫోల్డర్ అడిగితే పేర్లు సర్దేసి ఇచ్చేది, కొత్తదానిలో అలగ ఇవ్వదు, ఫైండర్ తనే సర్దుకుంటుంది కాబట్టి చూసేవాళ్ళకి తెలీలేదు గాని, సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసుకుని ఫైళ్ళు వరసగా వస్తాయని నమ్మినవాళ్ళకి తారుమారైపోయింది. ప్రోగ్రాం రాసే పిల్లలు ఎవరైనా చదువుతుంటే, ఫోల్డర్ చదివాక సార్ట్ మీరే చెయ్యండి, సిస్టమ్ చేసి ఇస్తుందని అనుకోకండి.

లినక్స్ సర్వర్ చూసేవాళ్ళకి మాత్రం ఇది ఉత్తి చూపు సమస్య కాదు, అందుకని కాస్త ఆగి చెప్తాను. లినక్స్‌లో అక్షరక్రమం గ్లిబ్‌సీ అనే లైబ్రరీలోంచి వస్తుంది. 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వెర్షన్‌లో ఆ క్రమం పట్టికే మార్చేసారు. ఉబుంటు 18.04లో పాతది, 20.04లో కొత్తది, డెబియన్ 10లో కొత్తది, రెడ్‌హ్యాట్ 7లో పాతది, 8లో కొత్తది. తేడా చూడాలంటే 1-1, 11 అని రెండు లైన్లు అమెరికా ఇంగ్లీషు లొకేల్‌లో సార్ట్ కొట్టి చూడండి, పాతదానిలో 11 ముందొస్తుంది, కొత్తదానిలో 1-1 ముందొస్తుంది. సరిగ్గా మన సర్వే నంబర్ల రూపమే! పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన ఇండెక్స్‌ని ఈ క్రమంలోనే కట్టుకుని డిస్క్ మీద దాచుకుంటుంది. ఓఎస్ అప్‌గ్రేడ్ చేసి అదే డేటా ఫోల్డర్‌తో డేటాబేస్ లేపితే, పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌లో కొత్త క్రమంతో వెతుకుతుంది, ఉన్న సర్వే నంబరు లేదంటుంది, ఒకటే ఉండాల్సిన నంబరుని రెండోసారి కూడా ఎక్కించుకుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే భయం. అప్‌గ్రేడ్ అవ్వగానే ఎవరినీ లోపలికి రానివ్వకముందే టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లు అన్నీ రీఇండెక్స్ చెయ్యాలి, లేదా డంప్ తీసి కొత్తదానిలో ఎక్కించాలి, డంప్ పద్ధతిలో ఇండెక్స్‌లు కొత్తగా కడతారు కాబట్టి బాధ ఉండదు.

నీ దగ్గరికి వస్తే, ఆ పాత హార్డ్ డిస్క్ ఇంకా ఆఫీసులోనే ఉందన్నావు. దాన్ని ఫార్మాట్ చెయ్యొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. పాత సిస్టమ్ ఒక్కసారి ఆన్ అయితే చాలు, ఆ విండోస్ 7లోనే ఫోల్డర్ తెరిచి, పేరు ప్రకారం సార్ట్ ఉందో లేదో చూసి, కంట్రోల్ ఏ కొట్టి, షిఫ్ట్ పట్టుకుని మొదటి ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ అని వస్తుంది. అది కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి సేవ్ చెయ్యి. అది నీ పాత వరస, ఫైల్ పేర్లతో సహా. ఆ లిస్టుని ఎక్సెల్ ఇండెక్స్ పక్కన పెడితే 37 అంటే ఏ ఫైలో, 38 అంటే ఏ ఫైలో పూర్తిగా తేలిపోతుంది, పాత ఇండెక్స్‌లో సీరియల్ నంబర్ల పక్కన పేర్లు దింపేసుకోవచ్చు. ఈ పని పేర్లు మార్చే పని కంటే ముందు జరగాలి. పాత సిస్టమ్ ఆన్ అవ్వకపోతే కొత్తదానిలో డి ఐ ఆర్ లిస్టే వాడుకో, అడ్డగీత ఉన్నవీ లేనివీ పక్కపక్కన వచ్చేచోట మాత్రం, 45-1 దగ్గరా 451 దగ్గరా, ఒకటి రెండు స్థానాలు అటూ ఇటూ ఉండొచ్చు, అక్కడ కాగితం తెరిచి చూసుకో. లిస్టు తీసాక ఎ, బి ఉన్న పేర్లు ఓ ఇరవై రాసి పంపు, వాటికి ఫార్ములా ఎలగ రాయాలో చూసి చెప్తాను.